ఉప్పునీటి తొట్టెలో తెల్లమచ్చలు: నేను పంపని అనుభవయోగము

పశువులకు, పెంపుడు పక్షులకు గృహవైద్యము అడిగెడి పాఠకులు ఎప్పుడును కలరు. ఈ మధ్య అక్వేరియములోని చేపల కొరకు అడుగువారు కూడ ఎక్కువైనారు. చేపలపై తెల్లని చుక్కలు లేచినవి, పసుపు వేయవచ్చునా, వేపాకు కషాయము ఎంత పోయవలెను అని. మంచినీటి చేపల సంగతి వేరు. సముద్రపు చేపలను పెంచెడి ఉప్పునీటి తొట్టె విషయములో మాత్రము నా అభిప్రాయము ఒక్కటే. ఆ నీటిలో మన వంటింటి మందు ఏదియు వేయరాదు. ఈ మాట చెప్పుటకు నాకు అర్హత గ్రంథములవలన వచ్చినది కాదు, నేను చేసిన తప్పువలన వచ్చినది. చల్లకు వచ్చి ముంత దాచనేల?

విశాఖపట్టణములో మా అమ్మాయి ఇంట నాలుగు వందల లీటర్ల ఉప్పునీటి తొట్టె కలదు. అందు రెండు నారింజ రంగు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, కొన్ని నత్తలు ఉండెడివి. రెండేండ్ల క్రిందట మా మనుమడు ముచ్చటపడి ఒక నీలిరంగు టాంగ్ చేపను తెచ్చి, తెచ్చినదానిని తెచ్చినట్లే అందులో వదలినాడు. వారము తిరుగకముందే దానిపై ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడినవి. నేను అప్పుడు అక్కడనే యుంటిని. "తాతయ్యా, ఇంతమందికి మందిస్తావు, దీనికి ఇవ్వవా?" అని పిల్లవాడు అడిగిన తరువాత వైద్యుడు ఊరకుండగలడా? వేపాకు, పసుపు వేసి కషాయము కాచి, వడగట్టి, చల్లార్చి, చెంబెడు పోసితిని.

మరునాడు రొయ్య చనిపోయినది. దానికేదో వయసు మీరినదని సరిపెట్టుకొంటిని. నాలుగవనాటికి చేపపై చుక్కలు ఒక్కటియు లేవు. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. నేను ఆ సంతోషములో ఈ పత్రికకే "అనుభవయోగము" అని పేరుపెట్టి, మోతాదుతో సహా వ్రాసి, కవరు అంటించి బల్లపై పెట్టితిని. పదునొకండవనాడు మూడు చేపలును తెల్లబడినవి. ఈసారి చుక్కలు లెక్కకు రానన్ని. టాంగ్ చేప మూలకు చేరి, మొప్పలు వడివడిగా ఆడించుచు, మరునాటి ఉదయమునకు ప్రాణము విడిచినది.

మత్స్యశాస్త్రము చదివిన యువకుడొకడు వచ్చి, క్లౌన్ చేప పైనుండి జిగురు కొంచెము గీకి సూక్ష్మదర్శినిలో చూపించినాడు. గుండ్రని క్రిమి ఒకటి మెల్లగా తిరుగుచున్నది. దాని పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. అది చేప చర్మములో మూడు నుండి ఏడు రోజులు మేసి, బలిసి, తానే ఊడి క్రిందపడును. ఇసుకకో రాతికో అంటుకొని గట్టి గూడు కట్టుకొనును. ఆ గూటిలో విభజన చెంది, ఒక్కటి రెండు వందల వరకు పిల్లలై బయటికి వచ్చును. ఆ పిల్లలకు ఒకటి రెండు దినములలో చేప దొరకవలెను, దొరకనిచో చచ్చును.

ఇది విన్నప్పుడు నాకు తల తిరిగినది. నాలుగవనాడు చుక్కలు పోయినది నా కషాయమువలన కాదు. క్రిములు కడుపు నింపుకొని సంతానము కొరకు దిగిపోయినవి. మంచినీళ్లు పోసియున్నను, ఏమియు చేయకున్నను అవి ఆనాటికే దిగిపోయెడివి. నా గురువుగారు, రోగము తగ్గినదా అనునది ఒక ప్రశ్న, మందు తగ్గించినదా అనునది మరియొక ప్రశ్న, రెంటిని కలుపకుము అని బోధించెడివారు. నలువది ఏండ్ల వైద్యము చేసియు ఆ రెంటిని కలిపితిని. మన గృహవైద్యములలో ఎన్ని ఈ విధముగానే పేరు తెచ్చుకొన్నవో అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. రొయ్య మరణమునకు కారణము వయసు కాదు. వేప పురుగులకు ఎట్లు విషమో రొయ్య జాతికిని అట్లే విషము. కషాయపు మడ్డి నీటిలో కుళ్లి, ప్రాణవాయువును కూడ హరించును.

అయినను శాస్త్రము నన్ను విడువలేదు. చరకుడు విమానస్థానము ఏడవ అధ్యాయములో క్రిమిచికిత్సను మూడుగా విభజించినాడు: అపకర్షణము, ప్రకృతివిఘాతము, నిదాన పరివర్జనము. క్రిమిని తొలగించుట, అది బ్రతుకలేని స్థితి కల్పించుట, మూలకారణమును విడుచుట. ఆ యువకుడు చెప్పిన చికిత్స ఈ మూడింటిలో పొందికగా అమరినది.

మేము చేసినది అపకర్షణము. క్లౌన్ చేపలను ఇసుక, రాళ్లు లేని గాజు పాత్రలో, అదే వేడి, అదే ఉప్పు గల క్రొత్త నీటిలో, గాలి బుడగల గొట్టముతో ఉంచితిమి. మూడేసి రోజుల కొకసారి మరియొక పాత్రలోనికి మార్చితిమి. ఇట్లు నాలుగు మార్లు. ఊడిపడిన క్రిమి గూడు పగిలి పిల్లలు వెలువడుటకు కనీసము మూడు దినములు పట్టును గనుక, అవి పుట్టుసరికి చేప అక్కడ ఉండదు. విడిచిన పాత్రను, వలను కడిగి పూర్తిగా ఎండబెట్టవలెను. ఇందు మందు చుక్క కూడ లేదు.

ప్రకృతివిఘాతమునకు రెండు మార్గములు. ఒకటి ఉప్పు తగ్గించుట. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. దానిని క్రమముగా 15, 16 గ్రాములకు దించి మూడు వారములకు తగ్గకుండ నిలుపుదురు. మంచినీటి చేపకు తెల్లమచ్చ వచ్చినప్పుడు ఉప్పు వేయుట వాడుక, ఇక్కడ ఉప్పు తీయుట వైద్యము. చుక్క ఒకే తీరున కనబడినను అది క్రిమి వేరు, ఇది క్రిమి వేరు. రెండవది తామ్రము. లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల తామ్రము నీటిలో ఉండవలెను, ప్రతిదినము పరీక్షించవలెను. తగ్గిన క్రిమి చావదు, పెరిగిన చేప చచ్చును. కొన్ని తయారీ మందులకు ప్రమాణము వేరు, సీసాపై వ్రాసినదే పాటింపవలెను. రాగిచెంబు నీళ్లు పోసిన చాలదా అని అడుగువారికి ఒక మాట. తామ్రమునకు ఎనిమిది దోషములని చెప్పి, శోధన లేనిదే ముట్టవద్దన్న రసశాస్త్రము మనది. కొలత లేని రాగి మందు కాదు. ఈ రెండు మార్గములును వేరు పాత్రలోనే. పెద్ద తొట్టెలో చేసినచో రొయ్యలు, నత్తలు బ్రతుకవు. సున్నపు రాళ్లు రాగిని పీల్చుకొనును.

వెల్లుల్లి రసములో మేత నానబెట్టుదురు. మేత ముట్టని చేపకు ఆకలి పుట్టునేమో గాని, తొట్టెలోని క్రిమి దానివలన చచ్చునని నేను నమ్మను.

చుక్కలు ఉప్పు పలుకులవలె గాక పిండి చల్లినట్లు సన్నగా ఉండి, చేప రొప్పుచున్నచో అది వెల్వెట్ అను మరియొక వ్యాధి. దినముల వ్యవధిలో తొట్టెను తుడిచిపెట్టును. అప్పుడు పాత్రలు మార్చుచు కూర్చొనక వెంటనే కొలిచిన తామ్రమునకు పోవలెను.

ఇక నిదాన పరివర్జనము. అందరును తప్పించుకొనజూచునది ఇదియే. పెద్ద తొట్టెలో చేప అన్నది లేకుండ ఉంచవలెను. నీరు తీయనక్కరలేదు, నత్తలను కదల్చనక్కరలేదు. కొన్ని గూళ్లు 72 దినముల తరువాత కూడ పగులుట శాస్త్రజ్ఞులు గమనించినారు. అందువలన 76 దినములు. అంతకాలము ఖాళీ తొట్టెను చూచుచు కూర్చొనుట పిల్లలకు కష్టము, పెద్దలకును కష్టమే. నెలనాటికి "తాతయ్యా, ఇంక చాలదా?" అని ఫోను వచ్చినది. చాలదంటిని. క్రొత్త చేప ఏది వచ్చినను నెల దినములు విడిగా ఉంచి చూచుట కూడ ఈ పథ్యములోనిదే. మేము ఆ పని ముందే చేసియున్నచో ఈ వ్యాసమునకు పని లేకపోయెడిది.

77వ నాడు రెండు క్లౌన్ చేపలు తమ తొట్టెకు తిరిగి వచ్చినవి. ఇప్పటికిని కులాసాగా ఉన్నవి. టాంగ్ చేపను మరల కొనలేదు. నేను వ్రాసిన కవరును మా అమ్మాయి దాచియుంచినది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు జలుబుకు నేను కాచుకొన్న మిరియాల కషాయపు గ్లాసుతో తొట్టె దగ్గర నిలుచుంటిని. మనుమడు పరుగున వచ్చి, మాటయైనను అనక, గ్లాసును నా చేతినుండి తీసికొనిపోయి వంటింటిలో పెట్టినాడు.