సముద్రం చూశామంటే సరిపోతుందా?



సెలవులకు విశాఖపట్నం వెళ్లొచ్చిన పిల్లల్ని "ఏం చూశారు?" అని అడిగితే, చాలామంది "బీచ్" అంటారు. ఇంకేం చూశారంటే ఫోన్‌లో ఫోటోలు చూపిస్తారు. సముద్రానికి ఇంత దూరాన చదువుకుంటున్న మనకు ఆ ఒక్క మాట చాలదని మా అభిప్రాయం.

మన మందిర్ హసౌద్ స్టేషన్ మీదుగా వెళ్లే రైలు మార్గం మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ దాటి విజయనగరం చేరుతుంది. రాయగడ దగ్గర కిటికీలోంచి కనిపించేవి తూర్పు కనుమలు. అక్కడి ఖోండు ప్రజల పేరు మీదే ఆ కొండల్లోని ఒక రాయికి ఖొండలైట్ అనే పేరు వచ్చింది. విశాఖలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్ నోస్ కొండదీ అదే రాయి. దారిలో చూసిన కొండలే అక్కడ అలల దాకా దిగాయన్నమాట.

రాళ్లున్న చోట ఓడలకు గండం. భీమిలి రేవుకు వచ్చే ఓడలు శాంతపిల్లి రాళ్లకు తగలకుండా, 1847లోనే అక్కడి గుట్ట మీద లైట్‌హౌస్ కట్టారు. డాల్ఫిన్ నోస్ మీదా ఒకటుంది. ఈ దీపాలు ఊరికే వెలగవు. ఎన్ని సెకన్లకు ఎన్నిసార్లు మెరవాలో ఒక్కోదానికి ఒక్కో లెక్క. చీకట్లో నావికుడు ఆ మెరుపులు లెక్కపెట్టి, అది ఏ ఊరి దీపమో, తానెక్కడున్నాడో తెలుసుకుంటాడు. జీపీఎస్ వచ్చాక కూడా ఇవి అక్కర్లేకుండా పోలేదు. పరికరం మొరాయిస్తే కంటికి కనిపించే దీపమే దిక్కు.

"మీదే ఊరు?" అని అడిగితే తడబడే పిల్లలు మనలో చాలామంది. పుట్టింది ఒకచోట, తాతగారిల్లు ఒకచోట, నాన్నగారి లేదా అమ్మగారి పోస్టింగ్ ఇంకొకచోట. మేమూ బదిలీల మీద తిరుగుతున్నవాళ్లమే. ఒక ఊరు మనదవడానికి అక్కడ పుట్టనక్కర్లేదు. అక్కడి సంగతి ఒక్కటైనా గట్టిగా తెలిస్తే చాలు. ఓడకు ఆ దీపం సొంతమా? కాదు. దాని గుర్తు తెలుసు, అంతే.

"నాలుగు రోజుల సెలవులో ఎన్ని చూస్తాం?" అని పెద్దలు అడగవచ్చు. ఒక్కటి చాలు, నిదానంగా చూడండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. గాలీ సముద్రమూ పోగేసిన ఇసుక దిబ్బలను వాన నీరు కోసి, వేల ఏళ్లలో ఆ రూపం తెచ్చింది. వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు కూడా. అంచులెక్కి ఫోటోలు దిగితే కాలికింద ఇసుక జారిపోతుంది. మళ్లీ కట్టడం ఎవరి తరమూ కాదు. కింద నిలబడి చూడండి, ఖాళీ సీసా మీ సంచిలోనే తెచ్చుకోండి.

ఈసారి వెళ్తే పెద్దవాళ్లతో చీకటి పడేదాకా ఒడ్డున ఆగండి. మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోండి. అమ్మమ్మ వాళ్ల ఊరికి సముద్రం లేకపోతే చెరువుగట్టో, కోటబురుజో ఉంటుంది. దాన్ని ఊళ్లోవాళ్లు ఏమని పిలుస్తారో, ఎందుకలా పిలుస్తారో అడగండి. తిరిగొచ్చాక ఆ పేజీని తెలుగు క్లాసులో చదవండి. వినడానికి మేముంటాం.