హెచ్చరికలు పౌరుడికి, బాధ్యత ఎవరికి?

దేశ రాజధానిలో కాలు పెట్టిన తెలుగువాడి చెవిన మొదట పడేది నాయకుల ఉపన్యాసం కాదు, హెచ్చరిక. స్టేషనులోను, మెట్రో రైలులోను, బజారులోను ఒకటే మాట: దిక్కులేని వస్తువును ముట్టవద్దు, అది బాంబు కావచ్చు, వెంటనే పోలీసులకు తెలియజేయండి. ‘లావారిస్’ అన్న హిందీ మాటకు అర్థం తెలియని పసివాడు ఢిల్లీలో లేడంటే అతిశయోక్తి కాదు.

ఈ ఘోషకు నలభై ఏళ్ల చరిత్ర ఉన్నది. 1985 మే 10వ తేదీన ట్రాన్సిస్టరు రేడియోలలో అమర్చిన బాంబులు ఢిల్లీలోను, పొరుగు రాష్ట్రాలలోను పేలి పదుల సంఖ్యలో ప్రాణాలను బలిగొన్నాయి. బస్సులోనో, బాట పక్కనో కనిపించిన రేడియోను చేతిలోకి తీసుకోవడమే ఆ అభాగ్యులు చేసిన నేరం. దరిమిలా హెచ్చరిక రాజధాని జీవితంలో భాగమైపోయింది.

ఈ హెచ్చరికలు నిరర్థకమని అనడం నా ఉద్దేశం కాదు. 2005 అక్టోబరు 29న, దీపావళి ముంగిట, పహాడ్‌గంజ్‌లోను సరోజినీ నగర్ బజారులోను పేలిన బాంబులకు అరవైమందికి పైగా బలి అయినారు. అదే సాయంత్రం గోవిందపురిలో ఒక సిటీ బస్సులో దిక్కులేని సంచి కనిపించింది. డ్రైవరు, కండక్టరు కలిసి ప్రయాణికులందరినీ దింపివేశారు. సంచిని దూరంగా విసరబోయిన డ్రైవరు కంటిచూపు కోల్పోయాడు. కాని ఆ బస్సులో ఒక్క ప్రాణం కూడా పోలేదు. పౌరుడి అప్రమత్తతకు ఇంతకు మించిన నిదర్శనం అక్కర లేదు.

అయితే పౌరుడు ఎంత అప్రమత్తుడైనా తన చేతిలో లేనిదాన్ని ఏం చేయగలడు? ఈ ప్రశ్నకు రాజధాని అనుభవమే సమాధానం చెప్పాలి.

1997 జూన్ 13న గ్రీన్‌పార్కులోని ఉపహార్ సినిమాహాలులో మధ్యాహ్నపు ఆట చూస్తున్నవారిలో 59 మంది పొగకు ఊపిరాడక మరణించారు. కింది అంతస్తులోని విద్యుత్ ట్రాన్స్‌ఫార్మరులో ఆనాటి ఉదయమే ఒకసారి మంట లేచింది. దానికి అంతంతమాత్రపు మరమ్మతు చేసి వదిలివేశారు. బాల్కనీలో అదనపు సీట్ల కోసం ఒక పక్క దారి మూసివేశారు. పొగ కమ్ముకున్నప్పుడు బయటపడే దారి లేకపోయింది. టిక్కెట్టు కొని కూర్చున్న ప్రేక్షకుడు ఏ జాగ్రత్త తీసుకుని ఉంటే ప్రాణం దక్కేది? యజమానులైన సోదరులకు 2007లో కింది కోర్టు రెండేళ్ల శిక్ష విధించింది. మరుసటి ఏడాది హైకోర్టు దాన్ని ఏడాదికి తగ్గించింది. 2015లో సుప్రీంకోర్టు చెరొక 30 కోట్ల రూపాయల జరిమానాతో సరిపెట్టింది. బాధితుల సంఘం పట్టు విడవనందున 2017లో ఒకరిని మిగిలిన శిక్ష అనుభవించమన్నది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అప్పటికే ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు.

ఆ పాఠం రాజధానికి వంటబట్టిందా? 2023 జూన్ 15న ముఖర్జీనగర్‌లోని ఒక కోచింగ్ కేంద్రంలో మంటలు లేస్తే విద్యార్థులు కిటికీలలో నుంచి తాళ్లు పట్టుకుని కిందికి జారిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఏడాది గడిచిందో లేదో, 2024 జులై 27న పాత రాజేంద్రనగర్‌లో ఐ.ఏ.ఎస్. పరీక్షకు చదువుకుంటున్న ముగ్గురు విద్యార్థులు భవనం అడుగున నేలమాళిగలోని గ్రంథాలయంలో వాననీట మునిగి మరణించారు. సామాన్లు పెట్టుకోవడానికి అనుమతి ఉన్న నేలమాళిగలో గ్రంథాలయం నడిచింది. ఇది అక్రమమని ప్రమాదానికి నెల ముందే ఒక విద్యార్థి అధికారులకు ఫిర్యాదు చేసినట్లు దరిమిలా వెల్లడి అయింది. హెచ్చరిక ప్రభుత్వం పౌరుడికి చేసింది కాదు, పౌరుడు ప్రభుత్వానికి చేసింది. దాన్ని విన్నవాడు లేడు.

తరువాతి కథ మరీ విడ్డూరం. వరద నీటిలో కారు నడిపి, ఆ అలల తాకిడికి భవనం గేటు విరగడానికి కారకుడైనాడంటూ పోలీసులు దారిన పోయే వ్యక్తిని అరెస్టు చేశారు. హైకోర్టు ఈ దర్యాప్తు తీరును ఎద్దేవా చేసి కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. నగరపాలక సంస్థ ఒక జూనియర్ ఇంజనీరును తొలగించి, ఒక అసిస్టెంటు ఇంజనీరును సస్పెండ్ చేసి చేతులు దులుపుకున్నది. మురుగు కాలువల పూడిక తీయించవలసినవారు, అనుమతులు ఇచ్చినవారు, ఫిర్యాదును పక్కన పెట్టినవారు ఏ మెట్టు మీద ఉంటారో, చర్య ఎప్పుడూ అంతకు రెండు మెట్ల కిందనే ఆగిపోతుంది.

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషనులో జరిగిన తొక్కిసలాట సంగతి చూడండి. కుంభమేళాకు బయలుదేరిన జనం 14, 15 ప్లాట్‌ఫారాల మెట్ల మీద ఒకరిపై ఒకరు పడి 18 మంది మరణించారు. ప్రయాగ్‌రాజ్ పేరుతో ఉన్న రెండు రైళ్ల ప్రకటనలు జనాన్ని గందరగోళపరచాయని ఢిల్లీ పోలీసులు మొదట చెప్పారు. ఆగస్టులో రైల్వేమంత్రి రాజ్యసభకు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానంలో చెప్పిన కారణం వేరు: ఒక ప్రయాణికుడి నెత్తి మీది పెద్ద మూట జారి పడిందట, దానివల్ల మెట్ల మీద ఒత్తిడి పెరిగి జనం తూలిపడ్డారట. మూట జారి ఉండవచ్చు. కాని మూట లేని ప్రయాణికుడు ఈ దేశంలో ఏ స్టేషనులో ఉన్నాడు? ఒక మూట జారితే 18 ప్రాణాలు పోయేటంతగా ఆ మెట్ల మీదికి జనాన్ని చేరనిచ్చినది ఎవరు?

చట్టం లేకనా అంటే, అదీ కాదు. ప్రతి పెట్టెలోను ఎంతమంది ఎక్కవచ్చునో రైల్వేలు నిర్ణయించి, ఆ సంఖ్యను ప్రాంతీయ భాషలలో కూడా అందరికీ కనిపించేటట్లు రాయాలని 1989 నాటి రైల్వేల చట్టం 57వ సెక్షను చెబుతున్నది. ఆ సెక్షను ఎందుకు అమలు కావడం లేదని అడుగుతూ తొక్కిసలాట అనంతరం ఢిల్లీ హైకోర్టు గుమ్మం తొక్కవలసివచ్చింది. ఆ తరువాతే స్టేషను వెలుపల ప్రయాణికులు వేచి ఉండటానికి శాశ్వతమైన ఏర్పాటు జరిగింది. పద్దెనిమిది చావుల తరువాత చేయగలిగినది ముందు ఎందుకు చేయలేకపోయారు?

ఈ జాడ్యం ఢిల్లీకే పరిమితం కాదు. అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడినవారిలో ఆరుగురు తొక్కిసలాటలో మరణించారు. 2015 గోదావరి పుష్కరాల తొలినాడు రాజమండ్రిలో పాతికమందికి పైగా పోయారు. ‘భక్తులు సంయమనం పాటించాలి’ అన్న విజ్ఞప్తి ప్రతిసారీ వినిపిస్తుంది. పాటించవలసిన సంయమనమంతా ఎప్పుడూ క్యూలో నిలబడినవాడిదే!

స్త్రీల విషయంలో ఈ ధోరణి మరింత కఠోరం. చీకటి పడితే బయటికి రావద్దన్న సలహా ప్రతి ఇంటా వినిపిస్తుంది. 2012 డిసెంబరు 16న ఆ యువతి ఎక్కిన బస్సుకు నల్లటి అద్దాలు, పరదాలు ఉన్నాయి. నల్లటి ఫిల్ములను సుప్రీంకోర్టు నిషేధించి అప్పటికి కొన్ని నెలలే అయింది. నియమాలు గాలికి వదిలిన ఆ వాహనం రాజధాని నడివీధుల్లో తిరిగింది. దాన్ని ఆపవలసిన బాధ్యత ఆమెది కాదు గదా!

పార్లమెంటు మాత్రం దీనికి మినహాయింపా? 2001 డిసెంబరు 13 నాటి దాడిలో భద్రతా సిబ్బందితో సహా తొమ్మిదిమంది అసువులు బాసిన తరువాత సందర్శకుడి చేతి కలాన్ని కూడా అనుమానించే తనిఖీలు వచ్చాయి. సరిగ్గా 22 ఏళ్లకు, 2023లో అదే తేదీన, ఇద్దరు యువకులు సందర్శకుల గ్యాలరీలో నుంచి లోక్‌సభలోకి దూకి పసుపు రంగు పొగ వదిలారు. ఎనిమిదిమంది సిబ్బంది సస్పెండ్ అయినారు. హోంమంత్రి సభలో ప్రకటన చేయాలని పట్టుబట్టి, సభను సాగనివ్వలేదన్న కారణంగా ఆ సమావేశాలలో 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండ్ అయినారు. సభను స్తంభింపజేయడం మంచి పద్ధతి అని నేను అనను. కాని తాము కూర్చున్న సభ భద్రత గురించి సభ్యులే సమాధానం రాబట్టుకోలేకపోతే, నేలమాళిగ గురించి అర్జీ పెట్టుకున్న విద్యార్థి గోడు ఎవరికి పడుతుంది?

ప్రతి పౌరుడి వెనుక ఒక పోలీసును నిలపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదన్న వాదం ఉన్నది. అందులో సత్యం లేకపోలేదు. 2025 నవంబరు 10న ఎర్రకోట మెట్రో స్టేషను దగ్గర కారు పేలి పదిమందికి పైగా మరణించారు. ఆ రోజుననే, రాజధానికి కూతవేటు దూరంలోని ఫరీదాబాదు ప్రాంతంతో సహా పలుచోట్ల దాదాపు 2,900 కిలోల పేలుడు సామగ్రి పట్టుకున్నట్లు జమ్ము-కాశ్మీర్ పోలీసులు ప్రకటించారు. శ్రీనగర్ శివారులోని నౌగాంలో గోడల మీద కనిపించిన పోస్టర్లను తేలికగా తీసుకోకపోవడంతోనే ఆ తీగ దొరికిందని వారి కథనం. ఆ సామగ్రి మొత్తం పేలి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం కలుగుతుంది. ఇక్కడ కళ్లు తెరుచుకుని ఉన్నది ప్రభుత్వ యంత్రాంగమే. అందుకే ఇంకా పెద్ద ముప్పు తప్పింది. ప్రభుత్వ యంత్రాంగానికి చేతకాదని కాదు, చేస్తే ఫలితం ఉంటుందనే నా వాదం.

మరి పౌరుడి కర్తవ్యం ఏమిటి? ముందుగా, చెప్పిన జాగ్రత్తలు పాటించడమే. అద్దెకున్నవారి వివరాలు పోలీసులకు ఇవ్వడం, ఆపదలో 112 నంబరుకు ఫోను చేయడం అందరికీ తెలిసినవే. కొన్ని తెలియనివి కూడా ఉన్నాయి. హాలులోనో, హాస్టలులోనో అడుగు పెట్టగానే రెండో దారి ఎక్కడున్నదో చూసుకోవాలి. పొగ కమ్మితే లిఫ్టు జోలికి పోక, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వంగి నడవాలి. నేలమాళిగలోకి నీరు రావడం మొదలైతే పుస్తకాలు సర్దుకోకుండా వెంటనే పైకి రావాలి. కిక్కిరిసిన జనంలో చిక్కుకుంటే చేతులు రొమ్ముకు అడ్డం పెట్టుకోవాలి. జారిపడిన చెప్పు కోసమైనా, సంచి కోసమైనా వంగకూడదు. పిల్లలను ఢిల్లీ కోచింగ్ కేంద్రాలకు పంపే మన తల్లిదండ్రులు ఫీజు ఎంతని, ర్యాంకులు ఎన్నని అడుగుతారు. రెండో మెట్లదారి ఉన్నదా, అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం ఉన్నదా అని కూడా అడగాలి.

రెండవ కర్తవ్యం ఇంతకంటె ముఖ్యమైనది. ప్రమాదం కంటపడినప్పుడు నోటిమాటతో వదలక రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు దాచుకోవాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద సమాధానానికి ముప్పై రోజుల గడువున్నది. వ్యక్తి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలే. అక్కడా ఫలితం దక్కకపోతే మీ పార్లమెంటు సభ్యుడి చేత ప్రశ్న వేయించండి. మంత్రులు సభలో ఇచ్చిన హామీలు మూడు నెలలలో నెరవేరాయో లేదో విచారించడానికి హామీల కమిటీ ఉన్నది. ఇన్నేళ్లుగా పత్రికా గ్యాలరీలో కూర్చుని గమనించినది ఏమంటే, నియోజకవర్గంలో నుంచి ఒత్తిడి వచ్చిన ప్రశ్నకు మంత్రులు ఇచ్చే సమాధానం ఒక తీరుగా ఉంటుంది, మొక్కుబడికి అడిగిన ప్రశ్నకు ఇచ్చే సమాధానం మరొక తీరుగా ఉంటుంది.

దిక్కులేని వస్తువు కనిపిస్తే పోలీసులకు చెప్పమని ప్రభుత్వం మనను కోరుతున్నది. తప్పక చెబుదాం. రాజధానిలో దిక్కులేకుండా పడి ఉన్నవి సంచులు మాత్రమే కావు. చదివేవాడు లేని ఫిర్యాదులు ఉన్నాయి, అమలు చేసేవాడు లేని సెక్షన్లు ఉన్నాయి. వాటిని గురించి కూడా ఎవరో ఒకరు చెబుతూ ఉండవలసిందే.