ట్రైలర్‌కీ కుక్కర్‌కీ ఒకటే సూత్రం

నవంబరు 15 దగ్గర పడుతోందంటే కువైట్‌లో ఎడారి సందడి మొదలవుతుంది. సాధారణంగా మార్చి 15 దాకా గుడారాల కాలమే. మాకు సొంత గుడారం లేదు కానీ, మా ఆయన ఆఫీసులో ఒక కువైటీ పెద్దాయన ఏటా తన పాత క్యాంపింగ్ ట్రైలర్‌ని ఒక వారాంతం మాకిస్తారు. గురువారం సాయంత్రం దాన్ని బండికి తగిలించుకుని, జాబర్ బ్రిడ్జి దాటి సుబియా వైపు వెళ్ళి, వాళ్ళ క్యాంపు పక్కనే నిలుపుకుంటాం.

మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు తీసి చూస్తే నాకు ఏడుపొక్కటే తక్కువ. పరుపుల మీద, గిన్నెల్లో, ఆఖరికి ఉప్పు డబ్బా మూత అంచున కూడా దుమ్ము. ఇక్కడివాళ్ళు దీన్ని తోజ్ అంటారు. ఇసుకైతే చీపురుతో ఊడ్చేయొచ్చు. ఇది జల్లించిన మైదాపిండి కన్నా మెత్తన. ఊడిస్తే గాల్లోకి లేచి, మనం పడుకున్నాక తీరిగ్గా మొహం మీదకి దిగుతుంది. తడిగుడ్డతో తుడవడమే దారి.

గాలి ముందు నుంచి కొడుతుంది కదా అని నేను ముందువైపు సందులన్నీ మూశాను. ఫలితం సున్నా. మన ఊళ్ళో మట్టిరోడ్డు మీద బస్సు వెళ్తుంటే దుమ్మంతా ఎవరు తినేవారు? వెనక సీటువాళ్ళు. పరిగెత్తే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. లేచిన దుమ్ము అక్కడే సుళ్ళు తిరిగి, సందు దొరికిన చోటల్లా లోపలికి దూరుతుంది. అందుకే ముందు చూడాల్సింది వెనక కిటికీ, తలుపు, సామాన్ల అర మూత. మట్టిదారిలో నెమ్మదిగా పోవడం, ముందు బండికి బాగా దూరంగా ఉండడం, ఈ రెండూ ఖర్చు లేని మందులు.

ఇక రబ్బర్ల సంగతి. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండల్లో వేసవంతా బయట నిలబడిన ట్రైలర్‌కి తలుపు రబ్బరు మెత్తగా ఎలా ఉంటుంది? కుక్కర్ రబ్బరు గట్టిపడితే పక్కనుంచి ఆవిరి పోయినట్టే ఇదీ. పరీక్ష తేలిక. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగండి. బిగువు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పోయినట్టే. రాత్రి ఒకరు లోపల చీకట్లో కూర్చుని, ఇంకొకరు బయట టార్చి వేస్తూ చుట్టూ తిరిగినా సందులు కనిపిస్తాయి. రబ్బరుకి నేను ఒకసారి కొబ్బరినూనె రాశాను. మీరు రాయకండి. జిడ్డుకి దుమ్మంతా అంటుకుంది, రబ్బరు కూడా పాడయింది. సిలికాన్ స్ప్రే పలచగా కొడితే చాలు.

కువైట్‌లో వాన తక్కువే. పడితే మాత్రం కుండపోత. 2018 నవంబరు వరదలు ఇక్కడున్న వాళ్ళెవరూ మర్చిపోరు. నీటికి, దుమ్ముకి చుట్టరికం ఉంది. కిటికీ గాడిలో నీళ్ళు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో దుమ్ము గడ్డకడితే వాన నీళ్ళు గాడి నిండి లోపలికే వస్తాయి. పుల్లతో వాటిని శుభ్రం చేసి, పైపుతో నీళ్ళు కొట్టి చూడండి. కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి కొడితే ఏ సందు కారుతోందో తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. రెండో ఏడాది నేను పంతం పట్టి, కనిపించిన ప్రతి రంధ్రానికీ టేపు వేశాను, నేల దగ్గరున్న జాలీలతో సహా. ఒక్క రవ్వ దుమ్ము రాలేదు. గర్వంగా ఉంది. రాత్రి చలికి పిల్లలు వణుకుతుంటే బయటున్న బొగ్గుల కుంపటి లోపల పెట్టబోయాను. ఖర్జూరాలు ఇవ్వడానికి వచ్చిన పెద్దాయన భార్య చూసి, "లా, లా!" అంటూ కుంపటిని నాకన్నా ముందు బయటికి తోసేశారు. ఆవిడ ఏ కాలేజీలోనూ సైన్సు చదవలేదు. నేను బీయస్సీ కెమిస్ట్రీ.

బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, నిద్ర, ఆ తర్వాత లేవకపోవడం. నేల దగ్గరి జాలీ కూడా ఉత్తినే పెట్టింది కాదు. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకయితే కింద పేరుకుంటుంది, ఆ దారినే బయటికి పోవాలి. ఆ దారిని నేనే మూశాను.

ఆ రాత్రే టేపులన్నీ పీకేశాం. కుంపటి బయటే, పిల్లలకి ఇంకో రగ్గు. ఇప్పుడు మా లెక్క ఇదీ: తలుపులకీ కిటికీలకీ మంచి రబ్బరు, గాలి దారులు తెరిచే. ప్రయాణంలో మాత్రం సిలిండరు కట్టేసి, నేల జాలీకి పాత చున్నీ గుడ్డ కడతాం. ఆగగానే అది విప్పడం మా పెద్దమ్మాయి డ్యూటీ.

కుక్కర్‌కి రబ్బరెంత అవసరమో, సేఫ్టీ వాల్వూ అంతే. కాస్త దుమ్ము వస్తే రానివ్వండి, పొద్దున్నే లేచి తుడుచుకుందాం.