గంపలోకి దొర్లివచ్చిన చుక్క

పిల్లలూ,

మొన్న సికిందరాబాదు మోండా మార్కెట్టుకు వంకాయలు కొనబోయాను. నా కంటికి కాయలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. గంప ముందు కూర్చున్న అవ్వ మాత్రం ఒక కాయను తీసి పక్కన పెట్టింది.

"బాగానే ఉందిగదమ్మా?" అన్నాను.

"బాగుంది గని, ఇది నా గంపలది గాదు సారూ. పక్క గంపలకెల్లి దొర్లొచ్చింది."

"ఎట్లా తెలిసింది?"

"రోజూ చూస్తలేనా!"

ఆ మాట వినగానే నాకు వైను బప్పుగారు గుర్తుకు వచ్చారు. ఆ మార్కెట్టుకు కొద్ది మైళ్ళ దూరంలో, బేగంపేటలో, ఒకప్పుడు నిజామియా వేధశాల పనిచేసేది. అక్కడ గాజుపలకలమీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, ఏ చుక్క ఎక్కడ ఉన్నదో కొలిచి పట్టికలు వ్రాసేవారు. బప్పుగారి తండ్రి అక్కడే ఉద్యోగి. 1927లో పుట్టిన బప్పుగారు చిన్ననాటినుంచే ఆకాశాన్ని చూడటం నేర్చుకొన్నారు. నిజాం కాలేజీలో చదివి, 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు.

ఆ ఏడు జూలై 2న ఒక ఫొటోపలకను పరీక్షిస్తూ ఉండగా, చుక్కల నడుమ కొత్తది ఒకటి ఆయన కంటబడింది. పలకమీద ఏదో మరక పడిందని వదిలివేస్తే ఏమయ్యేది? ఆయన వదలలేదు. గురువు బోక్, తోటివాడు న్యూకర్క్ కూడా పరిశీలించారు. అది తోకచుక్కే!

పేరుకు చుక్కేగాని, తోకచుక్క నక్షత్రం కాదు. మంచు, దుమ్ము కలిసిన ముద్ద. ఎక్కడో దూరాన తిరుగుతూ, ఎప్పుడో సూర్యునివైపు దొర్లివస్తుంది. ఆ వేడికి మంచు ఆవిరై, దుమ్ముతో కలిసి తోకలాగా సాగుతుంది. ఆ తోక సూర్యునికి ఎడంగా, అవతలి దిక్కుకే ఉంటుంది.

దానికి బప్పు-బోక్-న్యూకర్క్ తోకచుక్క అని ముగ్గురి పేర్లూ పెట్టారు. అప్పటికి బప్పుగారికి 22 ఏళ్ళు నిండలేదు! తరువాత ఆయన స్వదేశానికి వచ్చి, తమిళనాడులోని కావలూరులో వేధశాల నెలకొల్పారు. 1982లో కన్నుమూశారు. అక్కడి 2.34 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు.

మంచి దూరదర్శిని చాలామందికి దొరుకుతుంది. కాని కొత్తదాన్ని పోల్చుకోవాలంటే, పాతవాటిని బాగా ఎరిగి ఉండాలి గదా!

ఈ నెల మీకొక పని. ఊరి దీపాల వెలుగులో చుక్కలు కొద్దిగానే కనబడతాయి. ఫరవాలేదు. బాగా మెరిసే చుక్కలను ఏడెనిమిదింటిని ఎంచుకొని, ఒకే వేళకు రోజూ చూచి, కాగితంమీద గుర్తు పెట్టండి. చుక్కలన్నీ కలిసికట్టుగా పడమటికి జరుగుతాయి. వాటిలో ఒకటి మాత్రం తోటివాటిని విడిచి పక్కకు జరిగిందా? అయితే అది చుక్క కాదు, గ్రహం!

ఏమి కనిపెట్టారో నాకు ఉత్తరం వ్రాయండి.