అవ్వ మతిమరుపుకు పరీక్ష ఏ భాషలో?

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయాన్ని మన సంఘాల్లో డీకన్లను నియమించే రోజున చదువుతాం. అది ఏ గొడవతో మొదలైందో మాత్రం దాటేస్తాం. గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరిగింది. అంటే, ఊళ్లో ఎక్కువమంది మాట్లాడే భాష కాక వేరే భాష మాట్లాడే దిక్కులేని ఆడవాళ్లు. అపొస్తలులు వాళ్లను ప్రార్థన చేసుకోండమ్మా అని పంపేయలేదు. ఏడుగురిని పనిలో పెట్టారు.

బెంగళూరు పౌరకార్మికుల కాలనీల్లో, చెన్నై పారిశుధ్య కార్మికుల వాడల్లో మన అవ్వలు, తాతలు ఇప్పుడు ఆ విధవరాళ్ల స్థితిలోనే ఉన్నారు. చెప్పిన మాటే మళ్లీ చెబుతారు, పొయ్యి మీద పాలు మరచిపోతారు, చిల్లర లెక్క తప్పుతారు. అయినా వంట చేసుకుంటారు, ఆదివారం ఆరాధనకు వస్తారు. డాక్టర్లు దీన్ని మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. ఇది డిమెన్షియా కాదు. కొందరిలో అటు దారితీస్తుంది, కొందరిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, కొందరు మళ్లీ మామూలవుతారు. మనం మాత్రం ముగ్గురికీ ఒకే మాట చెబుతాం: వయసైపోయింది కదా!

ఈ మాట మీదే మా కోపం. బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, దిగులు పట్టుకున్నా, చెవులు సరిగా వినపడకపోయినా, నిద్రమాత్రలు ఎక్కువైనా జ్ఞాపకం దెబ్బతింటుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, ఖర్చూ తక్కువే. ఈ లోపాన్ని నయం చేసే మాత్ర లేదన్నది నిజమే. కానీ బీపీ, షుగరు అదుపులో పెట్టడం, వినికిడి యంత్రం ఇప్పించడం, నడిపించడం, నలుగురిలో ఉంచడం కూడా చికిత్సే. స్వస్థత కూటాలకు తీసుకెళ్లేవాళ్లు ముందుగా ఒక రక్తపరీక్ష చేయిస్తే దేవుడేమీ కోపగించుకోడు. లూకా వైద్యుడే కదా.

అసలు చిక్కు పరీక్ష దగ్గరే. మూడు మాటలు చెప్పి కాసేపటికి అడుగుతారు, వందలోంచి ఏడేసి తీసేయమంటారు, ఒక వాక్యం రాయమంటారు. ముప్పై ఏళ్లు వీధులూడ్చిన అవ్వకు కన్నడం మేస్త్రీతో మాట్లాడేంత వచ్చు. లెక్కలు, కీర్తనలు, జ్ఞాపకాలు అన్నీ తెలుగులోనే. పలక పట్టింది లేదు. ఆమెను కన్నడంలోనో తమిళంలోనో పరీక్షిస్తే తేలేది భాష రాదని, బడికి పోలేదని. మనవడు పక్కన కూర్చుని తర్జుమా చేస్తూ, పరువు పోతుందని జవాబులూ అందిస్తాడు. ఇక ఆ పరీక్షకు అర్థమేముంది?

సాధనాలు లేవని ఎవరూ తప్పించుకోలేరు. చదువు రాని వృద్ధుల కోసం హిందీలో పరీక్ష 1995 నాటికే తయారైంది. ఐసీఎంఆర్ పరీక్షల సంపుటి తెలుగులోనూ కన్నడంలోనూ ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక విషయం ప్రకటించారు: రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువులేనివారిలోనూ తేడా కనబడిందని. మన అవ్వకు మూడు భాషలొచ్చు, ఇంక రాదులే అని మురిసిపోకండి. వాళ్లందరికీ జబ్బు వచ్చింది, ఆలస్యంగా వచ్చిందంతే. దేశంలో అరవై దాటినవారిలో వందకు ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. ఆడవాళ్లలో, చదువులేనివారిలో ఎక్కువట. అంటే మనవాళ్లలోనే.

కాబట్టి సంఘ పెద్దలను అడుగుతున్నాం: గుడి రంగులకు, మైకులకు చందా ఎత్తినట్టే ఏడాదికి రెండుసార్లు బీపీ, షుగరు, వినికిడి పరీక్షల శిబిరం పెట్టండి. యౌవనస్థులారా, తెలుగు చదవగలిగిన వారు ఇద్దరిద్దరు ముందుకు రండి. డాక్టరు దగ్గర ప్రశ్న అడిగే పద్ధతి నేర్చుకోండి, సొంత అవ్వకు కాకుండా పక్కింటి అవ్వకు తోడు వెళ్లండి, జవాబు మాత్రం అందించకండి. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద నడిచే ప్రతి క్లినిక్‌లో, తెలుగువాళ్లున్న చోట, తెలుగు ప్రశ్నపత్రం పెట్టాలని నాలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు వినతిపత్రం రాస్తున్నాం. యానాంలో తెలుగుకు లోటు లేదు గానీ, పెద్ద వైద్యానికి పుదుచ్చేరి చేరితే అక్కడా ఇదే కథ. ఆ ప్రభుత్వానికీ ఒక ప్రతి వెళుతుంది. మీ సంఘం సంతకాలు ఈ నెలాఖరులోగా పంపండి.