యానాం సంత

యానాం పుట్టింది రేవుగానే అయినా దాన్ని బతికించింది సరిహద్దు. 1723లో ఫ్రెంచివాళ్లు గౌతమి ఒడ్డున వర్తక స్థావరం పెట్టారు. గిట్టుబాటు కాక 1727లో వదిలేసి, 1731లో తిరిగొచ్చారు. కేవలం 30 చదరపు కిలోమీటర్ల ఈ ఊరికి పేరు తెచ్చింది మంగళవారం సంత. బ్రిటిష్ ఏలుబడిలోని చుట్టుపక్కల జనం అక్కడికొచ్చి విదేశీ సరుకు కొనుక్కుపోయేవారు. అందులో దొంగసరుకుకీ లోటు లేదు. 1929లో శారదా చట్టం వచ్చాక సరుకుల బేరగాళ్లకు పెళ్లిబృందాలు తోడయ్యాయి. పద్నాలుగేళ్లు నిండని పిల్లకు తాళి కట్టించడం బ్రిటిష్ గడ్డ మీద నేరం, పక్కనే యానాంలో కాదు. స్వేచ్ఛ, సమానత్వం అంటూ నినదించిన ఫ్రెంచి రిపబ్లిక్ నీడలోనే ఈ పెళ్లిళ్లు సాగాయి. 1954లో ఫ్రెంచి జెండా దిగింది, ఊరు భారతదేశంలో కలిసినా పుదుచ్చేరి పాలనలోనే ఉండిపోయింది. దాంతో చుట్టూ ఉన్న ఆంధ్రతో పన్నుల తేడా మిగిలింది. నది అవతలి ఎదుర్లంక నుంచి బాలయోగి వారధి దాటి వచ్చే మోటారుసైకిళ్లలో చాలావాటికి ఇప్పటికీ మొదటి మజిలీ పెట్రోలు బంకు. ట్యాంకు నిండాక రెండోది చవక మద్యం దుకాణం. ఫ్రెంచి వారసత్వం గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, గల్లాపెట్టె నింపేది ఈ ధరల తేడాయే.