కత్తెర పడని గుడ్డ

ఇంట్లో ఆడపిల్ల ఉండి అమీర్‌పేట మ్యాచింగ్ సెంటరు మెట్లెక్కని తండ్రి ఉండడు. మొన్న ఆదివారం నా వంతు వచ్చింది. సంచిలో మా అమ్మ కట్టిన ఉప్పాడ జాందానీ చీర. దాన్ని గౌనుగా కుట్టించాలని అమ్మాయి పట్టు. కత్తెర పెడితే ఊరుకోనని మా ఆవిడ. మధ్యన సంచీ మోసేవాణ్ణి నేను.

ఆ కొట్లో రంగురంగుల జాకెట్టు గుడ్డల మధ్య నిలుచుంటే గౌరాంగ్ షా గుర్తుకొచ్చారు. ఆయన తండ్రిదీ మన హైదరాబాదులో ఇటువంటి మ్యాచింగ్ కొట్టే. ఫ్యాషన్ చదువు చదవకుండానే తన పేరుతో చీరల దుకాణం పెట్టుకున్నారు. 2018లో వచ్చిన 'మహానటి' దుస్తులకు మరుసటేడు జాతీయ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయనొకరు. డిజైనరంటే కత్తెర పట్టేవాడని మనం అనుకుంటాం గదా! ఈయన పని మగ్గం దగ్గరే మొదలు. జాందానీ పువ్వును కంచిపట్టులోనూ ఖాదీలోనూ వేయించారు.

ఆ పువ్వు యంత్రం వేసేది కాదు. పడుగుపోగుల సందున చిన్న కండెలతో రంగుదారాన్ని నేతగాడు చేత్తోనే దూరుస్తాడు. పువ్వు ఎక్కడ ముగిస్తే దారం అక్కడే ఆగాలి. పనితనాన్నిబట్టి ఒక్క చీరకు నెలలు పడుతుంది. ధర లెక్చరరు జీతానికి అందదనుకోండి. ఆ కోపం నాకూ ఉంది. నెలల లెక్క వేస్తే కాస్త తగ్గుతుంది.

జపానులో ఇస్సే మియాకే అనే ఆయన 1970లో సొంత స్టూడియో పెట్టారు. ఒకే గుడ్డముక్కతో మనిషికి బట్ట ఎలా అమర్చాలన్నదే 2022లో పోయేవరకూ ఆయన ధ్యాస. యంత్రం మీద గొట్టంలా అల్లిన గుడ్డలోనే ఉడుపు ఇమిడ్చి, గీత వెంట కత్తిరించుకునే పని కొన్నవారికే వదిలారు. మా నాయనమ్మనడిగితే ఆరు గజాలిచ్చి పంపేది! అయినా ఏమాటకామాటే, ఆవిడ చీరతో బస్సు పరుగెత్తి ఎక్కలేదు. మా అమ్మాయి రోజూ ఎక్కాలి.

పక్కనే దర్జీ. చీర మడత విప్పి, వెనక్కి తిప్పి చూశాడు. వేలాడే పోగు ఒక్కటీ లేదు.

"ఎవరు నేశారు సార్?"

కొన్న కొట్టు పేరు అమ్మ చెబుతుండేది. నేసినవాడి పేరు మా ఇంట్లో ఎవరూ అడగలేదు. తెలియదన్నాను. అతను కత్తెర పక్కన పెట్టి, "రేపు రండి, ఆలోచించుకుని," అన్నాడు.

అమ్మాయి చీర తనే మడిచింది. తిరిగివస్తూ మళ్ళీ మ్యాచింగ్ కొట్లోకి దూరి, అంచు పట్టుకుని జాకెట్టు గుడ్డలు చూస్తూ నిలుచుంది. గౌను మాట మానుకుందో లేదో నేనింకా అడగలేదు.